డిపెండెంట్ అంటే ఎవరు?

బెల్లంపల్లిలో బడి గడప తొక్కనివాళ్ల నోట కూడా ఒక ఇంగ్లీషు మాట రోజూ నలుగుతుంది. అది ‘డిపెండెంట్’. ‘వాళ్ల పెద్దోడికి డిపెండెంట్ అయింది’ అంటే బొగ్గుబాయిలో తండ్రి కొలువు పోయి కొడుక్కి కొలువు వచ్చిందని. ‘డిపెండెంట్ కాయితాలు కొత్తగూడెంల ఉన్నయి’ అంటే ఆ ఇంట్లో ఆడపిల్ల పెళ్లి, తీర్చాల్సిన అప్పు, చిన్నోడి చదువు అన్నీ ఆ కాయితాల కోసం కాచుకుని ఉన్నాయని. మందమర్రి, శ్రీరాంపూర్, గోదావరిఖని, భూపాలపల్లి, ఇల్లందు... సింగరేణి బాయిలున్న ఏ ఊరికి పోయినా ఈ మాటకు ఇదే అర్థం.

ఇంగ్లీషులో మాత్రం ఇవి రెండు మాటలు. పలికితే తేడా వినపడదు. రాస్తే చివరి మూడక్షరాల్లో ఒక్కటి మారుతుంది. ‘ఏ, ఎన్, టీ’ అని ముగిస్తే నామవాచకం, అంటే మరొకరి సంపాదన మీద బతికే మనిషి. ‘ఈ, ఎన్, టీ’ అని ముగిస్తే విశేషణం, అంటే మరొకరి మీద ఆధారపడి ఉన్న స్థితి. రెండింటి మూలమూ ‘వేలాడు’ అనే అర్థమున్న లాటిన్ ధాతువే. ఫ్రెంచి దారిన వచ్చిన రూపంలో ‘ఏ’ నిలిచింది, లాటిన్ వర్ణక్రమాన్ని అనుసరించిన రూపంలో ‘ఈ’ చేరింది. బ్రిటన్‌లో ఈ తేడా పాటిస్తారు. అమెరికాలో రెండు అర్థాలకూ ఎక్కువగా ‘ఈ’నే రాస్తారు. మన దేశపు కార్మిక చట్టాలు బ్రిటిష్ పద్ధతిలో పుట్టినవి కాబట్టి వాటిలో మనిషికి ‘ఏ’, స్థితికి ‘ఈ’ కనిపిస్తాయి. తెలుగు లిపిలోకి వచ్చేసరికి రెండూ ఒక్కటే అయ్యాయి.

బొగ్గుబాయి బతుకులో ఈ తేడా వర్ణక్రమం దగ్గర ఆగదు. ‘ఏ’ ఉన్న మాట ఒక జాబితా. అందులో పేరుంటే కొలువుకు అర్హత, లేకపోతే లేదు. ‘ఈ’ ఉన్న మాట ఇంట్లోని వాస్తవం. ఎవరి జీతంతో ఎవరు తింటున్నారు, ఎవరి మందులు ఎవరు కొంటున్నారు అన్నది. జాబితా, వాస్తవం ఒకచోట కలిస్తే ఆ కుటుంబానికి న్యాయం జరుగుతుంది. కలవనిచోట నిజంగా ఆధారపడ్డవాళ్లు గేటు బయట నిలబడతారు. సింగరేణిలో డిపెండెంట్ కొలువుల మీద దశాబ్దాలుగా సాగుతున్న పోరాటాన్నీ వ్యాజ్యాలనూ అర్థం చేసుకోవాలంటే ఈ రెండింటినీ విడదీసి చూడక తప్పదు.

చట్టం ఈ తేడాను ఎంత జాగ్రత్తగా పాటించిందో చూడాలంటే 1923 నాటి నష్టపరిహార చట్టాన్ని తెరవాలి. పనిలో ప్రమాదం జరిగి కార్మికుడు చనిపోతే పరిహారం ఎవరికి చెందుతుందో చెప్పడానికి అది మూడు అంచెలు కట్టింది. మొదటి అంచెలో భార్య, మైనరు కొడుకు, పెళ్లికాని కూతురు, భర్త లేని తల్లి. వీళ్లు ఆ కార్మికుడి సంపాదన మీద బతుకుతున్నారా అని చట్టం అడగదు. బంధమే సాక్ష్యం. రెండో అంచెలో పద్దెనిమిదేళ్లు దాటినా శక్తిలేని కొడుకు, కూతురు. వీళ్లు పూర్తిగా ఆ సంపాదన మీదే ఆధారపడి ఉండాలి. మూడో అంచెలో తండ్రి, మైనరు తమ్ముడు, భర్త పోయిన కోడలు వంటివారు. వీళ్లు పూర్తిగానో కొంతవరకో ఆధారపడ్డట్టు చూపించాలి. అంటే కొందరు బంధం వల్ల ‘ఏ’ అవుతారు, కొందరు ‘ఈ’ని రుజువు చేసుకుని ‘ఏ’ అవుతారు. ఆ చట్టం ఇప్పుడు 2020 సామాజిక భద్రత కోడ్‌లో కలిసిపోయింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన ఆ కోడ్‌లోనూ నిర్వచనం ఇదే అచ్చులో ఉంది.

కొలువుల సంగతి వేరు. దానికి ఆధారం జాతీయ బొగ్గు వేతన ఒప్పందం. కోల్ ఇండియా సంస్థలతో పాటు సింగరేణికీ వర్తించే ఈ ఒప్పందంలోని తొమ్మిదో అధ్యాయం, సర్వీసులో చనిపోయిన కార్మికుడి ఇంట్లో ఒకరికి కొలువు ఇవ్వాలంటుంది. గాయం వల్లో జబ్బు వల్లో శాశ్వతంగా పనికి దూరమైన కార్మికుడి ఇంటికీ ఇదే వర్తిస్తుంది. ఎవరికి ఇవ్వాలి? భార్య లేదా భర్త, కొడుకు, దత్తపుత్రుడు, పెళ్లికాని కూతురు. వీళ్లెవరూ లేకపోతే, కార్మికుడి ఇంట్లోనే ఉంటూ దాదాపు పూర్తిగా అతని సంపాదన మీద బతుకుతున్న తమ్ముడో అన్నో, భర్త పోయిన కూతురో కోడలో, లేదా అల్లుడో.

ఆ చివరి మాట దగ్గర ఆగాలి. ఈ జాబితాలో అల్లుడికి చోటుంది. ఆ అల్లుణ్ని ఆ ఇంటికి అల్లుణ్ని చేసిన కూతురికి లేదు. ఆమె మెడలో పుస్తె పడిన రోజే ఒప్పందం దృష్టిలో తండ్రి మీద ఆధారపడటం మానేసినట్టు. భర్త వదిలేసి పుట్టింటికి వచ్చి చేరినా, అన్నదమ్ములు లేక తల్లిదండ్రులను తానే చూసుకుంటున్నా, జాబితా ఆ వాస్తవాన్ని చూడదు. 2016లో ఛత్తీస్‌గఢ్ హైకోర్టు అక్కడి బొగ్గు గనుల కేసులో ఈ వివక్షను తప్పుబట్టింది. పెళ్లయిందన్న ఒక్క కారణంతో కూతురిని పక్కన పెట్టడం రాజ్యాంగం ఇచ్చిన సమానత్వానికి విరుద్ధమని చెప్పింది. కర్ణాటక హైకోర్టు 2020లో ఆ రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల విషయంలో ఇదే మాట అంది.

ఆడవాళ్లు బాయి దిగలేరన్న వాదన కూడా ఇప్పుడు చెల్లదు. 1952 గనుల చట్టం భూగర్భంలో ఆడవాళ్ల పనిని నిషేధించింది. ఆ నిషేధం నీడలోనే డిపెండెంట్ అయిన ఆడవాళ్లకు కొలువు బదులు నెలనెలా కొంత సొమ్ము తీసుకునే వీలు పెట్టారు. కొడుకు పన్నెండేళ్లు దాటినవాడైతే అతని పేరు లైవ్ రోస్టర్ అనే నిరీక్షణ జాబితాలో రాసి, పద్దెనిమిది నిండేదాకా తల్లికి ఆ సొమ్ము ఇస్తూ, తర్వాత కొలువు అతనికి ఇచ్చేవారు. 2019లో కేంద్రం ఆ నిషేధాన్ని సడలించి, షరతులతో ఆడవాళ్లు భూగర్భంలో పనిచేయడానికి అనుమతించింది. అడ్డుగోడ పోయింది. దాన్ని ఆసరాగా చేసుకుని రాసిన జాబితాల్లోని ఆలోచన కూడా పోవాలి.

ఇదంతా బెల్లంపల్లికి ఇంత దగ్గరి విషయం ఎందుకైందో ఆ ఊరి చరిత్రే చెబుతుంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడ్డాక, ఇల్లందు తర్వాత గోదావరి ఉత్తరాన బొగ్గు తవ్వకాలకు తొలి కేంద్రాల్లో ఒకటిగా బెల్లంపల్లి ఎదిగింది. మోర్గాన్స్ పిట్, సౌత్ క్రాస్‌కట్, శాంతిఖని, 64 డిప్... ఈ పేర్ల చుట్టూ ఊరు పెరిగింది. బస్తీలు వెలిశాయి. చుట్టుపక్కల పల్లెల నుంచి, కరీంనగర్ నుంచి, ఉత్తరాది నుంచి జనం వచ్చి చేరారు. ఒక్కొక్కటిగా బాయిలు మూతపడ్డాయి. పని శ్రీరాంపూర్, మందమర్రి వైపు జరిగింది. ఇప్పుడు సింగరేణి ‘బెల్లంపల్లి ఏరియా’ కార్యాలయం కూడా బెల్లంపల్లిలో లేదు, ఆసిఫాబాద్ జిల్లా గోలేటిలో ఉంది. ఊళ్లో కొత్త కొలువులు పుట్టనప్పుడు, నాయన కొలువు ఇంట్లో మిగలడమే యువకుడి ముందున్న ప్రధాన దారి అవుతుంది.

ఆ దారి కూడా ఎప్పుడూ తెరిచి లేదు. 1990ల ఆరంభంలో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. నష్టాల్లో కూరుకుని, ఖాయిలా పరిశ్రమల సంగతి చూసే బీఐఎఫ్‌ఆర్ దాకా వెళ్లిన సంస్థ ఆ దశాబ్దంలో మనుషులను తగ్గించుకోవడం మొదలుపెట్టింది. జబ్బుతో పనికి అన్‌ఫిట్ అయిన కార్మికుల పిల్లలకు కొలువులు ఆ దశాబ్దం చివరికి దాదాపు ఆగిపోయాయి. ఇప్పుడు పర్మినెంట్ కార్మికులు 40 వేల చుట్టూ ఉన్నారు. తెలంగాణ ఉద్యమంలో బొగ్గుబాయి కార్మికులు సమ్మెకు దిగినప్పుడు వాళ్ల కోరికల్లో ఆగిపోయిన ఈ డిపెండెంట్ కొలువులు ముందు వరసలో ఉండేవి. రాష్ట్రం వచ్చాక 2016 చివర్లో ‘వారసత్వ ఉద్యోగాల’ పథకం ప్రకటించారు. వయసు మళ్లిన కార్మికుడు తనంతట తాను తప్పుకుని ఇంట్లోవాళ్లకు కొలువు ఇప్పించుకునే ఏర్పాటు అది. 2017 మార్చిలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ప్రభుత్వరంగ కొలువు వారసత్వంగా దక్కే ఆస్తి కాదని, సమానావకాశాలకు హామీ ఇచ్చే 14, 16 అధికరణాలకు అది విరుద్ధమని తేల్చింది. సుప్రీంకోర్టులోనూ ఊరట దొరకలేదు. 2018లో ‘కారుణ్య నియామకాల’ పేరుతో, మెడికల్ అన్‌ఫిట్ అయిన కార్మికుల కుటుంబాలకు పరిమితం చేసి మళ్లీ మొదలుపెట్టారు. 2024లో వారి పిల్లల గరిష్ఠ వయోపరిమితిని 35 నుంచి 40 ఏళ్లకు పెంచారు.

న్యాయస్థానాల తర్కం చాలామందికి కఠినంగా అనిపించింది. ముప్పై ఏళ్లు బాయి దిగి నడుమూ మోకాళ్లూ ఊపిరితిత్తులూ అరగదీసుకున్న మనిషి ఇంటికి ఒక కొలువు అడగడం అత్యాశ ఎలా అవుతుంది? 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు వచ్చి 17 మంది చనిపోయారు. అలాంటి పనికి కట్టే వెల జీతంతోనే తీరిపోతుందని ఆ ప్రాంతంలో ఎవరూ ఒప్పుకోరు. అయితే కోర్టులు మూసింది ఒక తలుపే. కారుణ్య నియామకం ఎందుకు ఉందో సుప్రీంకోర్టు 1994లోనే స్పష్టంగా చెప్పింది. సంపాదించే మనిషి ఉన్నట్టుండి పోతే కుటుంబం రోడ్డున పడకుండా ఆ కష్టకాలం దాటించడానికి. అది హక్కుగా సంక్రమించే పదవి కాదు. వారసుడినని అడిగితే రాజ్యాంగం ఒప్పుకోదు. ఆ జీతం లేకపోతే బతుకు గడవదని చూపిస్తే ఒప్పుకుంటుంది. ఇంగ్లీషులో చెప్పాలంటే ‘ఏ’ కోసం వెళ్లేవాళ్లు ‘ఈ’ని రుజువు చేయాలి.

అది సరైన దారి. ఆ దారిలో చివరిదాకా నడవకపోవడమే సమస్య.

ముందుగా మారుపేర్ల సంగతి. ఒకప్పుడు బాయి పనికి మనుషులు దొరకని రోజుల్లో చాలామంది బంధువుల పేర్లతోనో, ఇంకొకరి కాయితాలతోనో చేరారు. దశాబ్దాల పాటు అదే పేరుతో మస్టర్లు పడ్డాయి, జీతాలు వచ్చాయి, పీఎఫ్ కట్ అయింది. డిపెండెంట్ దరఖాస్తు పెట్టేనాటికి తండ్రి పేరు బడి సర్టిఫికెట్‌లో ఒకటి, కంపెనీ రికార్డులో మరొకటి. విజిలెన్స్ విచారణ, అభ్యంతరం, ఏళ్ల నిరీక్షణ. ఆ యువకులు పుట్టినప్పటి నుంచీ ఆ జీతంతోనే పెరిగారన్నది ఆ బస్తీలో అందరికీ తెలిసిన నిజం. కాయితం మీద మాత్రం వాళ్లు ఎవరికీ ఏమీ కారు. ఆధారపడిన వాస్తవాన్ని బస్తీ విచారణతో, రేషన్ కార్డుతో, బ్యాంకు ఖాతాతో తేల్చవచ్చు. అలా తేల్చి ఒకేసారి ఈ కేసులు ముగించాలని కార్మిక సంఘాలు ఎప్పటినుంచో అడుగుతున్నాయి. ఇందులో మోసం చేసినవాళ్లను వేరు చేయడం అవసరమే. దానికోసం నిజమైన పిల్లలను నిలబెట్టి ఉంచడం అన్యాయం.

తర్వాత కాంట్రాక్టు కార్మికులు. ఓపెన్‌కాస్టు గనుల్లో మట్టి తీసే పని చాలావరకు కాంట్రాక్టు కంపెనీల చేతిలో ఉంది. అక్కడ పనిచేసేవాళ్ల ఇళ్లూ బెల్లంపల్లి, మందమర్రి బస్తీల్లోనే ఉన్నాయి. ప్రమాదం జరిగితే చట్టం చెప్పిన పరిహారం వాళ్లకూ వర్తిస్తుంది. కొలువు మాత్రం రాదు. పర్మినెంట్ కార్మికుడి పిల్లలు ‘డిపెండెంట్లు’, పక్కింటి కాంట్రాక్టు కార్మికుడి పిల్లలు కారు. ఆకలి ఈ రెండిళ్ల మధ్య గీత గీయదు. సంస్థలో కొలువు ఇవ్వడం కుదరకపోతే, ఆ కుటుంబానికి పిల్లల చదువు ముగిసేదాకా నెలవారీ ఆసరా ఇచ్చే నిబంధనను కాంట్రాక్టు ఒప్పందంలోనే రాయించవచ్చు. పని అప్పగించేది సంస్థే కాబట్టి షరతు పెట్టే అధికారమూ దానిదే.

అన్నిటికంటే తక్కువగా మాట్లాడుకునేది తల్లిదండ్రుల గురించి. కొత్తగూడెంలో మెడికల్ బోర్డు ఒక కార్మికుణ్ని అన్‌ఫిట్ అని రాసిన రోజు ఆ ఇంటి లెక్క మొత్తం తిరగబడుతుంది. నిన్నటిదాకా ఆయన సంపాదించేవాడు, కొడుకు తినేవాడు. రేపటి నుంచి కొడుకు సంపాదిస్తాడు, ఆయన తింటాడు. కాయితంలో ‘డిపెండెంట్’ అని రాసి ఉన్నవాడు ఇప్పుడు ఎవరి మీదా ఆధారపడి లేడు. నిజంగా ఆధారపడ్డది తండ్రి, ఆయనతో పాటు తల్లి. వాళ్ల చేతిలో ఉండేది బొగ్గు గనుల పింఛను. పాత జీతాల మీద లెక్కగట్టిన ఆ పింఛను చాలామందికి మందుల ఖర్చుకే చాలదు. కొలువు చేతికొచ్చాక అమ్మానాన్నలను కడుపులో పెట్టుకుని చూసుకునే కొడుకులు ఎందరో ఉన్నారు. వేరు కాపురం పెట్టి ఇటు తిరిగి చూడనివాళ్లూ ఉన్నారు. ఏ కార్మిక బస్తీలో అడిగినా రెండు రకాల కథలూ వినిపిస్తాయి.

ఈ రెండో రకం ఇళ్లకు చట్టం ఒక దారి చూపింది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పోషించుకోలేని తల్లిదండ్రులు ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. నెలకు 10 వేల రూపాయల దాకా పోషణ ఖర్చు ఇప్పించే అధికారం దానికి ఉంది. నోటీసు ఇచ్చిన 90 రోజుల్లో తేల్చాలన్నది నియమం. మంచిర్యాల జిల్లాలో బెల్లంపల్లి రెవెన్యూ డివిజన్ కేంద్రం కాబట్టి ఇక్కడి ముసలివాళ్లు ఇందుకోసం దూరం పోనక్కర్లేదు. ఆర్డీఓ ముందే చెప్పుకోవచ్చు. గమనించాల్సిన ఇంకో సంగతి ఉంది. ఈ చట్టం ‘పిల్లలు’ అన్నచోట కొడుకుతో పాటు కూతురినీ చేర్చింది. పెళ్లయిందా లేదా అని అడగలేదు. పోషించే బాధ్యత దగ్గర కూతురు కూతురే. కొలువు ఇచ్చే దగ్గర మాత్రం వేతన ఒప్పందం ఆమెను పరాయిదాన్ని చేసింది. బాధ్యత ఇద్దరిదీ అయినప్పుడు అర్హతా ఇద్దరిదీ కావాలి.

ముసలితనంలో ఆర్డీఓ ఆఫీసు మెట్లెక్కే అవసరం రాకుండా కొలువు ఇచ్చే రోజే చేయగల పని ఒకటుంది. తల్లిదండ్రులను చూసుకుంటానన్న హామీని కాయితంగా మిగల్చకుండా, జీతంలో ఒక నిర్ణీత భాగం నేరుగా వాళ్ల బ్యాంకు ఖాతాకు వెళ్లేలా నియామక పత్రంలోనే రాయాలి. జీతం పడే పద్ధతి అంతా కంప్యూటర్ మీద ఉన్న సంస్థకు ఇది కష్టమైన పని కాదు. బాగా చూసుకునే కొడుక్కి దీనివల్ల నష్టమేమీ లేదు. చూసుకోనివాడి దగ్గర ఇది తల్లిదండ్రులకు మిగిలే ఒకే ఒక్క భరోసా.

ఈ రెండు మాటల మధ్య ఇరుక్కున్నది బొగ్గుబాయి ఇళ్లు మాత్రమే కాదు. అమెరికా వెళ్లిన తెలుగు కుటుంబాల్లో ‘డిపెండెంట్ వీసా’ అన్న మాట ఇంతే పరిచితం. హెచ్-1బీ మీద వెళ్లిన ఉద్యోగి భార్యకో భర్తకో హెచ్-4 వస్తుంది. ఇంజినీరింగ్ చదివి ఇక్కడ ఉద్యోగం చేసి వెళ్లిన అమ్మాయిలు ఎందరో అక్కడ ఆ వీసా వల్ల పని చేసే హక్కు లేకుండా ఇంట్లో కూర్చున్నారు. 2015లో గ్రీన్‌కార్డు వరసలో ఉన్న కొందరి జీవిత భాగస్వాములకు పని అనుమతి ఇచ్చేదాకా ఆ పరిస్థితి మారలేదు. బెల్లంపల్లిలో నిజంగా ఆధారపడ్డవాళ్ల పేరు జాబితాలో లేకపోవడం కష్టం. అమెరికాలో తమ కాళ్ల మీద నిలబడగల మనిషిని జాబితాలో పెట్టి ఆధారపడేలా చేయడం కష్టం. ఇంటి వాస్తవం అడగకుండా రాసిన నిర్వచనం ఎక్కడైనా ఇదే పని చేస్తుంది.

భాష దగ్గర కూడా చేయాల్సింది ఉంది. వేతన ఒప్పందం ఇంగ్లీషులో ఉంది. మెడికల్ బోర్డు రాతలు ఇంగ్లీషులో ఉంటాయి. ‘పూర్తిగా ఆధారపడిన’, ‘కొంతవరకు ఆధారపడిన’ అన్న తేడా మీద ఒక కుటుంబం భవిష్యత్తు నిలబడి ఉన్నప్పుడు, సంతకం పెట్టే మనిషికి ఆ తేడా తన భాషలో తెలియాలి. మనిషిని చెప్పడానికి తెలుగులో ‘ఆశ్రితులు’ అన్న మాట ప్రభుత్వ పత్రాల్లో ముందునుంచీ ఉంది. స్థితిని చెప్పడానికి ‘ఆధారపడి ఉన్న’ అన్నది అందరూ వాడేదే. ఈ రెండింటినీ ఫారంలో వేర్వేరు గడుల్లో పెట్టి, మొదటి గడిలో ‘ఆశ్రితులు ఎవరెవరు’ అని, రెండో గడిలో ‘ఈ జీతం మీద ప్రస్తుతం ఎవరెవరు బతుకుతున్నారు’ అని అడిగితే, సగం వివాదాలు ఆ కాయితం మీదే బయటపడతాయి. పెళ్లయి పుట్టింట్లో ఉన్న కూతురి పేరు అక్కడ కనిపిస్తుంది. మంచం పట్టిన నానమ్మ పేరు కనిపిస్తుంది.

నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి, పాత నియమాల బదులు కొత్తవి, పాత ఫారాల బదులు కొత్తవి తయారవుతున్న కాలం ఇది. సింగరేణిలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. కాబట్టి ఇది మా పరిధి కాదని ఎవరూ తప్పుకోలేరు. గుర్తింపు సంఘం ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ డిపెండెంట్ కొలువుల హామీ ఇచ్చే సంఘాలన్నీ ఈసారి సంఖ్యతో పాటు నిర్వచనం గురించి కూడా యాజమాన్యాన్ని అడగాలి. పెళ్లయిన కూతురు, మారుపేరుతో పనిచేసిన కార్మికుడి పిల్లలు, కాంట్రాక్టు కార్మికుడి కుటుంబం, కొలువు కొడుక్కి అప్పగించిన తల్లిదండ్రులు. ఈ నలుగురి మాటా తేలేదాకా చర్చల బల్ల మీద ఆ అంశాన్ని మూయకూడదు.